తూము మూసిన చెరువు

పాకాల నుంచి పెనుమూరు వైపు పోతుంటే రోడ్డుకు కుడిచేతి పక్క ఒక చెరువు కట్ట కనిపిస్తుంది. ఊరి పేరు రాయను. రాస్తే నేను చెప్పేది ఎవరి గురించో ఆ ఊళ్ళో ఇట్టే తెలిసిపోతుంది. కట్ట మధ్యలో లోపలికి దిగితే పాత రాతి తూము. రెండు నిలువు స్తంభాలు, వాటి మధ్య నాలుగు అడ్డరాళ్ళు, ఒక్కో రాయికి నడుమ పిడికిలి దూరేంత బెజ్జం. ఒకప్పుడు ఆ బెజ్జాల గుండా పొడుగాటి కర్ర దిగేది, దాని కొసన చెక్క బిరడా ఉండేది. ఇప్పుడు కర్రా లేదు, బిరడా లేదు. కట్టకు అవతలి పక్క, నీళ్ళు కాలవలోకి దూకాల్సిన చోట, యూరియా గోతాల్లో మట్టి నింపి కుక్కి పైన సిమెంటు మెత్తారు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో పిల్లాడు పుల్లతో తన పేరు గీకాడు. 'శ' కు తలకట్టు పెట్టడం మరిచిపోయాడు.

మూడేళ్ళు నేను పని చేసిన ప్రాజెక్టంతా ఆ గోతాల చుట్టూనే తిరిగింది. ఆ సంగతి రెండో ఏడు సగం గడిచేదాకా మాకెవరికీ తెలియదు.

ప్రాజెక్టు పేరు ఇంగ్లీషులో మూడు లైన్లుండేది. ఊళ్ళో మాత్రం 'చెరువుల పని' అని చెప్పేదాన్ని. తిరుపతిలోని ఒక చదువుల సంస్థ తరఫున నలుగురం. బోర్లలో నీటిమట్టం కొలిచే భూగర్భ శాస్త్రం ఆయన, ఉపగ్రహ చిత్రాలు చూసే కుర్రాడు, ఆర్థిక శాస్త్రం మేడం, నేను. మొదటి వారంలోనే ఊరివాళ్ళు పేర్లు పెట్టేశారు: బోర్ల సారు, బొమ్మల పిల్లోడు, లెక్కల మేడం. నన్ను 'పాకాల పాప' అన్నారు, మాది ఆ పక్క పల్లెటూరే కాబట్టి. నేను చదివింది ఎమ్మే తెలుగు. ప్రశ్నావళిని తెలుగు చేయడానికీ, జనంతో మాట్లాడడానికీ తీసుకున్నారు. మిగతా వాళ్ళలో సగం జీతం కూడా లేదు, తిరుగుడు మాత్రం అందరికంటే ఎక్కువ. సరే, ఆ గోడు ఇంకో రోజు.

పదకొండో ప్రశ్న దగ్గర మొదటి దెబ్బ తగిలింది. 'మీ జీవనోపాధి సుస్థిరతను 1 నుంచి 5 వరకు ఎంతగా అంచనా వేస్తారు?' నేనే అనువదించాను. నిఘంటువు ప్రకారం ఎక్కడా తప్పు లేదు. వరసగా ఇంటింటికీ తిరిగితే ఎక్కువమంది 'మూడు వేసుకో పాపా' అన్నారు. మధ్యలో ఉంటే ఎవరికీ బాధ లేదు కదా. ఒక అవ్వ మాత్రం జెర్సీ ఆవు పొదుగు కడుగుతూ తల తిప్పి చూసింది.

"సుస్తీ ఏంటికుంటాది పాపా? బాగానే ఉండాను, కాళ్ళ నొప్పులు తప్ప."

సుస్థిరత ఆమె చెవిలో సుస్తీ అయింది. కిందా మీదా పడి వివరించాను. చెంబు పక్కన పెట్టి, "ఓ, అదా! ఇంకెన్నాళ్ళు తట్టుకుంటామనా నువ్వడగతా ఉండేది?" అంది. అదే. మూడు లైన్ల ఇంగ్లీషు పేరులో ఉన్నదంతా అదే.

ఆ రాత్రి ప్రశ్న మార్చాను. 'వరసగా రెండేళ్ళు వాన తప్పితే మీ ఇంట్లో మొదట ఏం చేస్తారు, తర్వాత ఏం చేస్తారు?' లెక్కల మేడం ఒప్పుకోలేదు. దీన్ని అంకెల్లో ఎక్కించేదెట్లా అంది. ఆమె బాధ ఆమెది. రెండు వందల ఇళ్ళను పోల్చాలంటే అందరికీ ఒకే కొలత కావాలి, నా ప్రశ్నకు ఒక్కో ఇంట్లో ఒక్కో కథ వస్తుంది. మూడు వారాలు గొడవ పడ్డాక రెండు ప్రశ్నలూ ఉంచాం. పాత ప్రశ్నకు మూళ్ళు వచ్చాయి, కొత్త ప్రశ్నకు వరస వచ్చింది. మొదట నగలు కుదువ పెడతారు, తర్వాత ఒకరు బెంగళూరు పోతారు, ఆవును మాత్రం ఆఖర్న అమ్ముతారు. ఆవును అమ్మితే పదిహేను రోజులకోసారి చేతికొచ్చే పాల డబ్బు ఆగిపోతుంది, దాని మీదే అంగడి బాకీలు నడుస్తున్నాయి. ఇది చూశాక మేడమే ఆ వరసను అంకెలు చేసే మార్గం కనిపెట్టింది. ఎట్లా చేసిందో ఆమె మూడుసార్లు చెప్పినా నాకు ఎక్కలేదు.

బోర్ల సారుది ఇంకో తంటా. బోరులో నీళ్ళు కొలిచే టేపు చూశారా? చక్రానికి చుట్టిన పొడుగాటి టేపు, కొసన చిటికెన వేలంత ఉక్కు ముక్క. అది నీటిని తాకగానే పైన చక్రం కీచుమంటుంది. వినడానికి సులువే. కానీ మోటారు ఆడుతుంటే మట్టం కిందికి జారుతుంది, ఆగిన చాలాసేపటికి గానీ మళ్ళీ తన చోటికి రాదు. పక్క బోర్లు ఆడుతున్నా దీని మీద పడుతుంది. సేద్యానికి 2004 నుంచి కరెంటు ఉచితం. ఏ వేళకు వస్తుందో తెలియదు గనక దాదాపు ప్రతి మోటారుకూ ఆటో స్టార్టర్ తగిలించి ఉంటుంది. కరెంటు రాగానే ఊరి బోర్లన్నీ ఒక్కసారి లేస్తాయి. మొదటి నాలుగు నెలలు సారు పొద్దున తొమ్మిదింటికి కొలిచిన అంకెలన్నీ అందుకే ఎగుడుదిగుడు. చివరికి ఆయన ఫోన్లో ముందు నంబరు లైన్‌మన్‌ది అయింది. ఈ వారం షిఫ్టు పగలా రాత్రా అని అడక్కుండా మేము తిరుపతిలో బస్సెక్కేవాళ్ళం కాదు.

ఒకసారి నేను కొలుస్తానని పోయి టేపును మోటారు తాడుకూ కేసింగుకూ మధ్య ఇరికించేశాను. లాగేకొద్దీ బిగుసుకుంది. రైతు ఏమీ అనలేదు, అదే భయం వేసింది. ఆయన టమాట తోట మధ్యాహ్నం ఎండకు తల వాల్చేస్తోంది, కరెంటు వచ్చే టైమవుతోంది. రెండు గంటలు కుస్తీ పడి, ఆఖరికి టేపు కోసి, పోయిన ముక్క పోయిందనుకున్నాం. ఆ ఉక్కు ముక్క ఇప్పటికీ ఆ బోరులోనే ఉంది.

బొమ్మల పిల్లోడిది గుంటూరు పక్క. మా చెరువుల్ని నేల మీద చూడకముందే పై నుంచి చూశాడు. ఇప్పటి యూరప్ ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి వచ్చి, పది మీటర్ల చదరాన్ని ఒక చుక్కగా చూపిస్తాయి. పాత అమెరికా వాటిలో చుక్క ముప్పై మీటర్లు, పదహారు రోజులకోసారి రాక, కానీ అవి 1980ల నుంచీ ఉన్నాయి. చిక్కేమిటంటే మా చెరువులు నిండేది ఎక్కువగా అక్టోబరు, నవంబరు వాయుగుండాలకు. నిండే రోజుల్లోనే ఆకాశమంతా మబ్బు, బొమ్మలో తెల్లటి దూది తప్ప ఏమీ ఉండదు. మబ్బులోంచి చూసే రాడార్ ఉపగ్రహం వేరే ఉంది గానీ, నీళ్ళలో నిలబడిన సర్కారు తుమ్మల్ని రాడార్ ఒక తీరుగా, మామూలు ఉపగ్రహం ఇంకో తీరుగా చూస్తాయి. చెరువు ఎక్కడ ఆగిందో తెలియక వాడే చివరికి ఫోను పట్టుకుని ఒడ్డంతా నడిచాడు. చెప్పు అట్టలోంచి దూరిన తుమ్మ ముల్లును తీయడానికి నా పిన్నీసు పనికొచ్చింది.

నా పని వాడికి ఇంకోచోట ఉపయోగపడింది. చెరువు ఎప్పుడు నిండిందంటే పల్లెలో నెల చెప్పరు, కార్తె చెబుతారు. 'స్వాతిలో సగం, విశాఖలో మొరవ పోయింది' అంటారు. మొరవ పోవడమంటే చెరువు నిండి అలుగు పారడం. ఫారంలో నెల గడి ఉంది కాబట్టి మా ముందు తిరిగిన వాళ్ళు అడ్డదిడ్డంగా అక్టోబరని, నవంబరని రాసేశారు. నేను ఇరవై ఏడు కార్తెలకూ తేదీల పట్టిక చేసిచ్చాను. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. నెల కంటే ఇదే సన్నటి కొలత. వాడు ఆ పట్టికను గోడకు అంటించుకున్నాడు.

మా బస్సు దారిలోనే గాదంకి. వాతావరణ పరిశోధన చేసే ఆ రాడార్ ఆవరణలో 1,024 యాంటెన్నాలు వరసగా నిలబడి ఉంటాయి. పైన కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు వీస్తోందో అక్కడ తెలుస్తుంది. మా చెరువులోకి నీళ్ళు తెచ్చే వంక ఎటు పోయిందో మాత్రం మేం మూడు ఆఫీసుల్లో అడగాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇంకా ముచ్చట. పాకాల తిరుపతి జిల్లాకు పోయింది, పెనుమూరు చిత్తూరులోనే ఉంది. వాన నీరు పుట్టేది ఒక జిల్లాలో, చేరేది ఇంకో జిల్లాలో. లెక్కల మేడం ఇరవై ఏళ్ళ పంటల పట్టిక అక్కడ నిట్టనిలువునా తెగింది.

అసలు తగాదా రెండో ఏడు వేసవిలో వచ్చింది. ముగ్గురూ ఒకే చెరువు మీద మూడు తీర్పులిచ్చారు. బొమ్మల పిల్లోడు: చెరువు బాగుపడింది, ముందుకంటే చాలా వారాలు ఎక్కువగా నీళ్ళు నిలుస్తున్నాయి. బోర్ల సారు: కట్ట కింద బోర్లు పుంజుకున్నాయి. లెక్కల మేడం: చెరువు చచ్చిపోయింది, ఆయకట్టులో వరి మడి ఒక్కటి లేదు. వాట్సాప్ గ్రూపులో గ్రాఫుల మీద గ్రాఫులు. మర్యాదగానే పోట్లాడుకున్నారు గానీ, 'మీ డేటా మళ్ళీ ఒకసారి చూసుకోండి' అనే మాటలో ఎంత విషం పట్టించవచ్చో నాకప్పుడే తెలిసింది.

ముగ్గురి లెక్కా సరైనదేనని ఒక తాత చెప్పాడు. ఆ చెరువుకు ఆయన నీరుగంటి. అంటే ఒకప్పుడు. తూము తీసేదీ, మూసేదీ, ఏ మడికి ఎప్పుడు నీళ్ళు మళ్ళాలో చూసేదీ ఆయనే. ఆయన నాయనా అదే చేశాడు. ఊరికి అవతల వీధిలో ఇల్లు. నేను మూడుసార్లు ఆ ఇంటికి ఫారం పట్టుకుని పోయాను గానీ, భూమి లేని ఇల్లని 'వర్తించదు' అని కొట్టేసి వచ్చాను. నాలుగోసారి ఫారం లేకుండా, మజ్జిగ తాగుతూ అడిగాను, ఆ గోతాలు ఎవరు పెట్టారని.

"ఊరంతా కూసోని అనుకున్నారు పాపా. తూము ఇడిస్తే నీళ్ళు రెండు నెల్లల్లో అయిపోతాయి. మూసేస్తే అట్లే ఇంకి బోర్లకు దిగతాయి. బోరుండే వాళ్ళకు అది బాగుండాది."

"బోరు లేనోళ్ళకు?"

"లేనోళ్ళకు లేదు."

ఇది చెడ్డవాళ్ళు చేసిన పని కాదు, అది రాయకపోతే అబద్ధమవుతుంది. మా నేల కింద గ్రానైటు, నైసు అనే గట్టి రాళ్ళు. పైన చితికిన రాతి పొర, కింద పగుళ్ళు. చితికిన పొరలో కూడా తోడుకోగలిగిన నీళ్ళు నూటికి రెండు మూడు పాళ్ళే. మట్టం మీటరు పెరిగిందంటే చేతికొచ్చేది రెండు మూడు సెంటీమీటర్ల నీళ్ళు. అందుకే వెయ్యి అడుగులు తోలినా దుమ్ము లేచే బోర్లున్నాయి, టెంకాయ అరచేతిలో నిలబెట్టి పాయింటు చూసేవాళ్ళకు గిరాకీ తగ్గలేదు. అప్పు చేసి వేసిన బోరును కాపాడుకోవడానికి చెరువును ఇంకుడు గుంత చేసుకున్నారు. ఊరికి తోచిన శాస్త్రం అది. చాలావరకు సరైన శాస్త్రమే. కట్ట కింద వరి పోయి తోతాపురి మామిడి, టమాట, పశువుల గడ్డి వచ్చాయి. బోరు లేని చివరి మడుల వాళ్ళు కౌలుకు ఇచ్చేశారు, కొందరు అమ్ముకున్నారు. కోతప్పుడు ఇంటింటికీ కొలిచి పోసే వడ్లు నీరుగంటికి ఆగిపోయాయి. వరే లేనప్పుడు వడ్లెక్కడివి?

అయితే తాత దగ్గర ఇంకో సరుకు ఉంది. ఉపగ్రహం చెరువు ఎంత పరుచుకుందో చూపిస్తుంది, ఎంత లోతో చూపించదు. లోతు లేకుండా నీళ్ళ లెక్క కట్టలేం. తాతకు పరుపు అక్కర్లేదు, లోతే ముఖ్యం. కింది నుంచి లెక్కపెడితే ఆ తూముకు నాలుగు అడ్డరాళ్ళు. రెండో రాయి మునిగితే ఆరుతడి పంటకు సాలు, మూడో రాయి మునిగితే వరి నాటుకోవచ్చు, నాలుగో రాయి మునిగితే మొరవ పోతుంది. వాళ్ళ నాయన చెప్పిన కొలత. అంతేకాదు, ఏ ఏడు ఏ రాయి మునిగిందో గుర్తుంది. కూతురి పెండ్లి ఏడు మూడో రాయి. 2015 వానలకు నాలుగో రాయి. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారే, ఆ వారం నాలుగో రాయి మీద నిలువెత్తు నీళ్ళు, రాత్రంతా కట్ట మీదే పడుకున్నాడట.

బొమ్మల పిల్లోడు ఆ రోజు తాత ముందు నేల మీద చతికిలబడి ల్యాప్‌టాప్ తెరిచాడు. తాత ఏడు చెబితే వాడు బొమ్మ తీశాడు. తొమ్మిదేళ్ళలో ఏడు సరిపోయాయి. ఒకటి తాతే తప్పు, రెండు తుపాన్లను కలిపేశాడు. ఇంకొకటి వాడి తప్పు, మబ్బు నీడను నీళ్ళనుకున్నాడు. బోర్ల సారు టేపుతో రాళ్ళ మధ్య ఎత్తులు కొలిచాడు. పరుపు, లోతు కలిశాయి, చెరువులో ఎన్ని నీళ్ళుంటాయో పట్టిక తయారైంది. రెండేళ్ళు ఏసీ గదిలో కలవని లెక్కలు ఆ తూము దగ్గర ఒక మధ్యాహ్నంలో కలిశాయి. లెక్కల మేడం రాలేదు, ఆమెకు జ్వరం. కానీ సాయంత్రం ఫోన్లో ఆమె అడిగిందే అసలు ప్రశ్న: 'మూడో రాయి దాటిన నీళ్ళు బోర్లకు నిజంగా అవసరమా?'

దానికి జవాబుకు ఇంకో పాత నోటుబుక్కు దొరికింది. 2000ల్లో రైతులే తమ బోర్ల మట్టాలు కొలుచుకుని, పంటకు ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకునే ప్రాజెక్టు ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, చిత్తూరు అందులో ఒకటి. అప్పుడు రాసిన అంకెల్ని ఒక రైతు ట్రంకు పెట్టెలో పెళ్ళి ఫొటోల కింద దాచి ఉంచాడు. బోర్ల సారు దాన్ని చూసిన తీరు చూస్తే మా అమ్మ బంగారాన్ని కూడా అట్లా చూడలేదు. ఆ అంకెల్నీ ఇప్పటి కొలతల్నీ పక్కపక్కన పెడితే, చెరువు ఒక ఎత్తు దాటాక బోర్లు పెద్దగా పుంజుకోవడం లేదు. పైపొర నిండాక మిగిలేది ఎండకు ఆవిరవుతోంది. అంటే మూడో రాయి పైనున్న నీళ్ళను కాలవకు వదిలినా బోర్లకు పెద్ద నష్టం లేదు. ఈ ఒక్క చెరువు మాటే చెబుతున్నాను, పక్క చెరువుకు ఇదే వర్తిస్తుందని సారు ఒప్పుకోడు.

ఈ పనిలో ఉండగానే పోరుమామిళ్ళ చెరువు శాసనం చదివాను. 1369 నాటిది, కడప జిల్లాలో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది, ఆరు దోషాలు ఉండకూడదంటుంది. ఆ పన్నెండింటిలో ధర్మం తెలిసిన రాజు ఉన్నాడు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఉన్నాడు, గట్టి నేల, మంచి రాయి దొరికే గని, పని తెలిసిన కూలీల గుంపు ఉన్నారు. దోషాల్లో కట్ట కారడం, చవిటి నేలతో పాటు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం కూడా ఒకటి. ఇది చదివి మా రెండు జిల్లాల వంక గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ప్రాజెక్టు మీద పరిశోధన వ్యాసం రాసేటప్పుడు నాకు మనసు విరిగింది. తాత రాళ్ళ కొలత లేకపోతే ఆ పట్టిక లేదు. రచయితల్లో ఆయన పేరు కూడా ఉండాలన్నాను. పైన ఉన్న పెద్దమనిషి నవ్వి, చివర్న కృతజ్ఞతల్లో 'స్థానిక సమాచారదారులు' అని వేద్దామన్నారు. నా పేరూ ఆ వరసలోనే పడేది, లెక్కల మేడం పట్టుబట్టబట్టి పైకి ఎక్కింది. తాత పేరు ఎక్కలేదు. ఆయనకు చెబితే "పేరు ఏంటికి పాపా, ఆ పేపర్లో వడ్లు కొలుస్తారా?" అన్నాడు. ఆయన తేలిగ్గా తీసుకున్నాడు, నేను తీసుకోలేదు.

ప్రాజెక్టు డబ్బు అయిపోయాక, మొన్న వినాయక చవితి దాటాక, సొంత ఖర్చుతో మేం నలుగురం ఊరికి పోయాం. రచ్చబండ ముందు ముగ్గుపిండితో చెరువు గీసి, నాలుగు రాళ్ళు పెట్టి, చెప్పాల్సింది చెప్పాం. పది నిమిషాల్లో గొడవ లేచింది. బోరున్న వాళ్ళు కొందరు సరేనన్నారు, కొందరు తిరుపతోళ్ళకు మా చెరువుతో ఏం పని అన్నారు. చేపల వేలం పాడుకున్న ఆయన నీళ్ళు తగ్గితే డబ్బు ఎవరిస్తారని నిలదీశాడు. ఆయన సంగతి మేం నలుగురం మూడేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు. చివరికి ఒక పెద్దాయన లేచి, "ఇడిసేది సరే, మళ్ళీ మూసేది ఎవురు?" అన్నాడు.

తాత అరుగు మీద లేడు, వేపచెట్టు కింద వెనకాల నిలబడి ఉన్నాడు.

"మూసేదానికి నేనుండా కదా సామీ," అన్నాడు.

ఎవరూ ఔననలేదు, కాదనలేదు. మూడో రాయి మునిగితే అప్పుడు చూద్దామని లేచారు.

ఇప్పుడు విశాఖ కార్తె. రెండు రోజులుగా వాన. నిన్న సాయంత్రం తాత మనవడు ఫొటో పంపాడు. రెండో రాయి కనిపించడం లేదు, మూడో రాయికి ఇంకా జానెడుంది.